బడిగంట మ్రోగిన తరువాత

సాయంకాలం బడిగంట దీర్ఘంగా మ్రోగుతుంది. పిల్లలు గట్టు తెగిన చెరువునీటివలె వీధిలోనికి ఉరుకుతారు. చేతుల కంటిన సుద్దపొడి దులుపుకొని, దిద్దవలసిన వ్రాతపుస్తకాల కట్టను చంకను పెట్టుకొని ఉపాధ్యాయుడు ఇంటిదారి పడతాడు. బడి ముగిసినది. కాని ఆయన భుజాలను ఒకసారి చూడండి. అవి ఇంకా చెవులవైపు ఎగబ్రాకియే ఉన్నవి. దవడలు బిగుసుకొనియే ఉన్నవి. కడపటి పీరియడులో వెనుకబల్లను అదలించడానికి ముడిపడిన కనుబొమలు ఇంటి గుమ్మం దాటినా విడివడవు. గంట బడికి మ్రోగినది గాని ఆయన ఒంటికి మ్రోగలేదు. ఉపాధ్యాయిని అయినచో, ఇంటికి చేరగానే వంటింటిలో రెండవ బడి మొదలవుతుంది. ఆ బడికి గంటయే లేదు.

ఈ బిగువు ఎక్కడిది? దారిలో పాము కనబడినప్పుడు మన గుండె వేగంగా కొట్టుకొంటుంది, కండరాలు బిగుస్తవి, ఊపిరి పైపైన ఆడుతుంది. పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం చేసుకొనే సన్నాహ మది. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో దీనిని విపులంగా వర్ణించినాడు. చిక్కేమిటంటే, తనిఖీ అధికారి వచ్చినప్పుడు కూడా శరీరం ఇదే సన్నాహం చేస్తుంది. అక్కడ పారిపోవడానికి వీలులేదు, పోరాడడానికి అసలే వీలులేదు. చేసిన సన్నాహ మంతా ఒంటిలోనే నిలిచిపోతుంది. పాము ఒకసారి కనబడి పొదలో దూరుతుంది. పని ఒత్తిడి ప్రతిదినం కనబడుతుంది. ఎడతెగని ఒత్తిడికి శరీరం మొదట ఉలికిపడి, తరువాత ఓర్చుకొని, చివరకు అలసి లొంగిపోతుందని మాంట్రియల్ నగరంలో పనిచేసిన హాన్స్ సెల్యే 1936 నుంచి తన పరిశోధనలలో చూపుతూ వచ్చినాడు.

అయితే ఆ బిగువును వదిలించుకొనే ఉపాయం కూడా నేర్చుకోవలసిన విద్యయే అని గట్టిగా చెప్పినవాడు చికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్. ‘ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్’ అనే ఆయన గ్రంథం 1929లో వెలువడినది. మంచముమీద వాలినంతమాత్రాన మనిషి విశ్రమించినట్లు కాదని ఆయన వాదం. చేతిని వంచుతున్నట్లు ఊరక ఊహించుకొన్నను, ఆ చేతి కండరంలో సూక్ష్మమైన విద్యుత్స్పందన కలగడం ఆయన పరికరాలతో కొలిచి చూపినాడు. కావున పడుకొని రేపటి పాఠాన్ని, నిన్నటి మాటపట్టింపును తలచుకొనేవాని దేహం నిజానికి పడుకోలేదు. ‘విశ్రాంతి తీసుకో’ అని ఎంత ఆజ్ఞాపించినా అది వినదు. బిగువు ఎక్కడున్నదో ముందుగా గుర్తుపట్టాలి, గుర్తుపట్టినదానినే వదలగలం.

దీనికి ఆయన చెప్పిన మార్గం విచిత్రంగా ఉంటుంది. వదలడానికి ముందు బిగించమంటాడు. కుడిచేతి పిడికిలిని అయిదారు అంకెలు లెక్కించేవరకు బిగించండి. ముంజేతిలో లాగుడు ఎక్కడ తెలుస్తున్నదో గమనించండి. తరువాత ఒక్కసారిగా వదలండి. వదలిన పిమ్మట వచ్చే వెచ్చదనాన్ని, బరువును కొంతసేపు ఊరక చూస్తూండండి. పిమ్మట ఎడమచేయి, భుజాలు, నుదురు, కన్నులు, దవడ, కడుపు, తొడలు, పాదాలు. దవడ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగడం మంచిది. నోరు మూసుకొని మ్రింగిన మాట లన్నీ ఉపాధ్యాయులకు అక్కడనే నిలువ ఉంటవి. జేకబ్‌సన్ దీనిని రోగులకు నెలల తరబడి నేర్పేవాడు. తరువాతి వైద్యులు కుదించినారు. ఇప్పుడు సాధారణంగా నేర్పే పద్ధతి పావుగంటలో ముగుస్తుంది.

మనకిది బొత్తిగా క్రొత్త కాదు. శవాసనం అలసటను పోగొట్టి చిత్తానికి విశ్రాంతినిస్తుందని హఠయోగ ప్రదీపిక ఏనాడో చెప్పినది. ముంబయిలో డాక్టరు దాతే, ఆయన సహచరులు 47 మంది రక్తపుపోటు రోగులకు శవాసనం నేర్పి, ఫలితాలను 1969లో ప్రకటించినారు. పలువురిలో పోటు తగ్గినది. కొందరికి మందుల మోతాదు తగ్గించడం సాధ్యమైనది. అయితే 47 చిన్న లెక్క. దీనిని చదివి ఎవరూ మందు మానరాదు. రొమ్ములో నొప్పి వచ్చినా, వారాల తరబడి నిద్ర పట్టకున్నా, పోవలసినది వైద్యుని యొద్దకే.

శ్వాస సంగతి మన భాషకే తెలుసు. గండం గడిస్తే ‘ఊపిరి పీల్చుకొన్నాం’ అంటాం. కాని నిజంగా ఆ క్షణాన నోట వచ్చే మాట ‘హమ్మయ్య’. అది పీల్చడం కాదు, వదలడం. గాలి వెలుపలికి పోకుండా ఆ మాట పలకడం అసాధ్యం. ఊపిరి లోనికి పోవునప్పుడు గుండె కొంచెం త్వరపడుతుంది, వెలుపలికి వచ్చునప్పుడు నెమ్మదిస్తుంది. ఇది నాడి పట్టుకొని ఎవరైనా చూచుకొనవచ్చును. పీల్చినదానికంటె వదలడానికి ఎక్కువసేపు తీసుకొంటూ పదిసార్లు శ్వాసించడానికి ఒకటి రెండు నిమిషాలు చాలును. ఒక తరగతి నుంచి మరొక తరగతికి పోయే వసారాలోనే అది ముగుస్తుంది.

విద్యార్థులు కూడా దీనిని పరీక్షశాలలో వాడుకొనవచ్చును. ప్రశ్నపత్రం చేతికి వచ్చినప్పుడు కలాన్ని ఎంత గట్టిగా పట్టుకొన్నారో చూచుకొనండి. వ్రేళ్ళ కొసలు తెల్లబడి ఉంటవి. బల్లక్రింద కాలివ్రేళ్ళు ముడుచుకొని ఉంటవి. జవాబు వ్రాయడానికి కాలివ్రేళ్ళతో పనిలేదు గదా! కలం క్రిందపెట్టి, చేతిని తొడమీదికి బరువుగా జారవిడిచి, ఒక దీర్ఘనిశ్వాసం విడిచిన తరువాత వ్రాయండి. అరనిమిషం పోయినందువల్ల మార్కులు పోవు.

ఇంతవరకు చదివి ప్రధానోపాధ్యాయులవారు ‘రేపటి నుంచి ప్రార్థన కాగానే ఉపాధ్యాయు లందరూ శవాసనం వేయవలెను’ అని ఉత్తరువు చేయకుందురు గాక! ఉత్తరువుతో వచ్చే శవాసనం మరొక పీరియడు అవుతుంది. అసలు సంగతి వేరే ఉన్నది.

పెద్ద అధికారులకే ఒత్తిడి ఎక్కువ, వారికే గుండెపోట్లు వస్తవి అని లోకంలో ఒక నమ్మకం. లండనులో 1967లో సుమారు 18,000 మంది పురుష ప్రభుత్వోద్యోగులతో మొదలైన పరిశీలన దీనిని తలక్రిందులు చేసినది. మైకేల్ మార్మట్ మొదలైనవారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, గుండెజబ్బుతో మరణించడం అగ్రశ్రేణి అధికారులలో కంటె అట్టడుగు శ్రేణి ఉద్యోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. పొగత్రాగుడు, రక్తపుపోటు మొదలైనవాటిని లెక్కలోనికి తీసుకొన్నను ఆ తేడా పూర్తిగా తీరలేదు. 1985లో స్త్రీలను కూడా చేర్చుకొని 10,308 మందితో రెండవ పరిశీలన ప్రారంభించినారు. తన పనిమీద తనకు అధికారం తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నట్లు అందులో తేలినది. పని భారమొక్కటే కాదు, ఆ భారాన్ని ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు దించుకోవాలో చెప్పే హక్కు లేకపోవడం కూడా మనిషిని తింటున్నది.

మన బడికి వర్తింపజేసి చూడండి. ఉపాధ్యాయునికి దినానికి ఒక లీజరు పీరియడు ఉంటుంది. ఎవరో సెలవు పెడతారు. ఆ పీరియడు ఆరంభమయ్యే క్షణంలో చీటీ వస్తుంది: ‘తొమ్మిది బి తరగతికి పోవలెను’. నలభై నిమిషాల పనికంటె, ఆ నలభై నిమిషాలు తనవి కావని తెలియడం ఎక్కువ బాధిస్తుంది. ఆ చీటీయే ఉదయం ప్రార్థనకు ముందు చేతికి వస్తే సగం బాధ తీరుతుంది. వారానికి రెండు లీజర్లను ఎవరూ ముట్టరాదని అందరూ కలిసి నిర్ణయించుకొంటే మిక్కిలి మేలు. దీనికి ఒక్క రూపాయి వ్యయం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షనులో జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఉపాధ్యాయుల గదిలో శ్వాసాభ్యాసపు పటంతోపాటు ఆ సెక్షనును కూడా అతికించుకోవడం ఆరోగ్యానికి మంచిదే.

రాత్రి తొమ్మిదింటికి ఫోనులో వచ్చే ఉత్తరువుల మాట వేరే చెప్పనక్కరలేదు. 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలలో, పనివేళలు దాటిన తరువాత ఫోను చూడకుండా ఉండే హక్కును గురించి ఉద్యోగులతో సంప్రదించవలెనని ఫ్రాన్సు దేశం చట్టం చేసినది. అది 2017 జనవరి 1 నుంచి అమలులోనికి వచ్చినది.

మా ఊళ్ళో ఒక వృద్ధ ఉపాధ్యాయులు ఉండేవారు. బడి నుంచి రాగానే నూతి దగ్గర కాళ్ళు కడుక్కొని, కండువాతో తుడుచుకొని, వీధి అరుగుమీద గోడకు చేరగిలబడి కూర్చొనేవారు. పావుగంటసేపు ఎవరూ ఆయనను పలుకరించేవారు కారు. దారిన పోయే విద్యార్థులు నమస్కారం కూడా దూరం నుంచే చేసి పోయేవారు. ఆ కాలంలో రాత్రిపూట ఉత్తరువు రావలెనంటే బంట్రోతు లాంతరు పట్టుకొని ఊరికి నడచి రావలసి ఉండేది, ఎవడూ రాలేదు. చీకటి పడే వేళకు ఆయన ‘హమ్మయ్య’ అని లేచి లోపలికి పోతే, అప్పుడు ఇంటివారికి ఆయన వచ్చినట్లు.

లోపల పొయ్యి దగ్గర ఉన్న ఆయన భార్యకు అటువంటి అరుగు ఎక్కడైనా ఉండేదా అని ఆనాడు మా కెవరికీ తోచలేదు.