అటకలోంచి పోయే డబ్బు

మా మినియాపోలిస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు మొదటి చలికాలం గ్యాస్ బిల్లు చూడగానే కిటికీలను తిట్టుకుంటారు. అవన్నీ మార్పించాలంటే వేల డాలర్లు. కిటికీలమ్మేవాళ్లు మాత్రం పిలిచిందే తడవుగా వచ్చి కొలతలు తీసుకుని పోతారు. నన్నడిగితే ముందు ఒక అగరొత్తి వెలిగించమంటాను.

అక్టోబరులో బాగా గాలి వీచే రోజు చూసుకోండి. ఫర్నేస్, గ్యాస్‌తో నడిచే మిగతావీ ఆపేసి, తలుపులూ కిటికీలూ మూసి, వంటింట్లో, బాత్రూముల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయండి. ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తుంటే ఎక్కడెక్కడ సందుంటే అక్కణ్ణించి బయటిగాలి లోపలికొస్తుంది. అగరొత్తి పట్టుకుని, కర్టెన్లకు దూరంగా, గోడల వెంట తిరగండి. సింకు కింద గొట్టం గోడలోకి పోయేచోట, బయటి గోడ మీది స్విచ్చుల దగ్గర, వీధితలుపు కింద పొగ పక్కకు వాలిపోతుంది. అక్కడ సందుల్లో నింపే కాక్ పేస్టు గానీ, తలుపు అంచుకు అంటించే వెదర్ స్ట్రిప్ గానీ పెట్టాలి. ఖర్చు హోటల్లో ఒకపూట భోజనమంత కూడా కాదు.

అసలు నష్టం మాత్రం పైన జరుగుతుంది. వేడిగాలి తేలిక కదా, సీలింగ్ లైట్ల చుట్టూ, అటక మూత అంచుల్లోంచి పైకి జారుకుంటుంది. ఆ ఖాళీని నింపడానికి బేస్‌మెంట్ గోడ మీద దూలాలు ఆనేచోట నుంచి చలిగాలి దూరుతుంది. ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట. బయట మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్ ఉన్న జనవరి రాత్రి ఈ లాగుడు మరీ ఎక్కువ.

మా అటకలో గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ ఎత్తి చూస్తే అడుగున అక్కడక్కడా మసి పూసినట్టు నల్లటి మరకలు. ఏళ్ల తరబడి ఇంట్లోంచి పైకి పోయిన గాలిలోని దుమ్మును ఆ దూది వడకట్టింది. మరక కింద వెతికితే కరెంటు వైరు కోసం తొలిచి, పూడ్చకుండా వదిలేసిన బెజ్జం! మాకిక వేరే పరీక్ష అక్కర్లేకపోయింది. చిన్నవాటికి కాక్, పెద్దవాటికి డబ్బా ఫోమ్. ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ మాత్రం ఫోమ్ పనికిరాదు. రేకు కట్ చేసి, వేడికి తట్టుకునే కాక్‌తో అంటించాలి. బెజ్జాలు పూడ్చాకే పైన ఇన్సులేషన్. ఇక్కడి చలికి, వేడిని ఆపే శక్తిని కొలిచే ఆర్-విలువ 49 నుంచి 60 దాకా ఉండాలంటారు, అంటే అడుగుకు పైగా మందం. అటక చల్లగా ఉంటే కప్పు మీది మంచు కరిగి, చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, నీళ్లు ఇంట్లోకి దిగే బాధ కూడా తగ్గుతుంది.

వంటిల్లు మన ప్రత్యేక సమస్య. పోపు వేగుతున్నంతసేపూ ఫ్యాన్ నడవాల్సిందే, లేకపోతే వారం దాకా కోట్లన్నీ ఇంగువ వాసనే. కానీ భోజనాలయ్యేదాకా హై మీద వదిలేస్తే డబ్బిచ్చి వేడిచేసుకున్న గాలిని మనమే బయటికి తోసినట్టు.

ఇక థర్మోస్టాట్. రోజూ ఎనిమిది గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి ఉంచితే, ఏడాది మొత్తం మీద ఇంటిని వేడిచేసే, చల్లబరిచే ఖర్చులో 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధనశాఖ లెక్క. మావారు పొద్దున్నే దాన్ని 80కి తిప్పేవారు, త్వరగా వేడెక్కుతుందని. మామూలు ఫర్నేస్‌కి ఆ తొందర తెలీదు. అదే వేగంతో, ఇంకా ఎక్కువసేపు మండుతుందంతే.

ఇల్లు బిగించాక కార్బన్ మోనాక్సైడ్ అలారం మరీ ముఖ్యం. పడగ్గదులకు పదడుగుల్లోపు అది ఉండాలని మిన్నెసోటా చట్టమే చెబుతోంది. కొత్తరకం ఫర్నేస్ అయితే గోడలోంచి బయటికొచ్చే తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు ఎక్కడున్నాయో మంచు పడకముందే చూసిపెట్టుకోండి. దాని పొగ బయటికి పోయేది వాటిలోంచే, అవి మంచుతో మూసుకుపోకూడదు. పెద్ద మంచు కురిసిన పొద్దున పార పట్టుకుని కారు దగ్గరికి కాదు, ముందు ఆ గొట్టాల దగ్గరికి వెళ్లాలి.