అరవై నాలుగు గళ్ళ లెక్క

రాస్ లఫాన్‌లో ఉద్యోగం చేసే మా బోటివాళ్ళకు పెద్ద సంఖ్యలు కొత్త కాదు. ఆ రేవునుంచి ద్రవ సహజవాయువు మోయడానికి కట్టిన ఓడల్లో క్యూ-మాక్స్ రకానిది ఒక్కొక్కటి సుమారు 2,66,000 ఘనపు మీటర్లు పడుతుంది. అయినా మొన్న మా అబ్బాయి అడిగిన లెక్కకు నాకు కళ్ళు తిరిగాయి.

"నాన్నా, చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని?"

18446744073709551615. గ్రాముకు నలభై బియ్యపు గింజల చొప్పున చూస్తే, అంత పెద్ద ఓడలు ఇరవై లక్షలు కూడా చాలవు!

"ఈ లెక్క తెలుగులో ఎప్పుడో ఉందిరా" అన్నాను.

"తెలుగులో లెక్కలు కూడా ఉంటాయా?" అన్నాడు వాడు. ఆ మాట నన్ను గుచ్చింది. తప్పు వాడిది కాదు, చెప్పని మనది.

మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనను పదకొండవ శతాబ్దివాడంటారు. ఆయన ఈ ఇరవై అంకెలను ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఆకాశం సున్న. ఒకట్ల స్థానంనుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

"కరెక్టేనని ఏమిటి గ్యారంటీ?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఈ సంఖ్య అరవై నాలుగు రెళ్ళ లబ్ధంకంటె ఒకటి తక్కువ. కనుక దీన్ని 4294967295, 4294967297 అనే రెండు సంఖ్యల లబ్ధంగా విడగొట్టవచ్చు. రెండోది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడు. 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. అంటే మల్లన సంఖ్యను కూడా 641 భాగించి తీరాలి. ఇరవైలో ఏ ఒక్క అంకె తప్పినా శేషం మిగులుతుంది.

వాడి క్యాలిక్యులేటరులో ఇన్ని అంకెలు పట్టలేదు. పద్యంలోని మాటలు నేను ఒక్కొక్కటే చెబుతుంటే అంకెలు రాసుకుని, కాగితంమీదే భాగహారం మొదలుపెట్టాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి శేషం సున్న వచ్చింది.

"నాన్నా, ఆయన కరెక్టే!" అని కేక వేశాడు. తరువాత మెల్లగా, "ఆ పద్యం మళ్ళీ ఒకసారి చెప్పవా?" అన్నాడు.

ఈ శుక్రవారం సెలవునాడు మీ ఇంట్లోనూ ఈ భాగహారం చేయించి చూడండి.