‘భారతం’ – ఒక మాట, పెక్కు అర్థాలు

‘భారతం చదివాను’ అన్నప్పుడు భారతం ఒక గ్రంథం. ‘భారతంలో పుట్టాను’ అన్నప్పుడు అదే మాట ఒక దేశం. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎట్లా వచ్చాయి? వీటన్నిటికీ మూలం ఒక మనిషి పేరు.

శకుంతలా దుష్యంతుల కుమారుడు భరతుడు. సంస్కృతంలో ఒకరి పేరు నుండి వారి సంతతిని తెలిపే మాట పుట్టేటప్పుడు సాధారణంగా మొదటి అచ్చు మారుతుంది. రఘువంశంలో పుట్టినవాడు రాఘవుడు. కురువంశం వారు కౌరవులు. జనకుని కూతురు జానకి. ఆ తీరుననే భరతుని వంశం వారు భారతులు. పాండవులూ, కౌరవులూ భారతులే. వారి కథను తెలిపే గ్రంథానికి భారతమని పేరు వచ్చింది.

దేశానికి కూడా భరతుని పేరు మీదనే భారతవర్షమనే పేరు కలిగిందని పెద్దలు చెప్పారు. అయితే ఆ భరతుడు ఋషభుని కుమారుడని భాగవతమూ, జైన గ్రంథాలూ అంటాయి. ఋగ్వేదంలో భరతులనే జనుల ప్రస్తావన ఉంది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం తొలి అధికరణంలోనే ఇండియా, భారత్ అనే రెండు పేర్లనూ పేర్కొన్నది.

రాముని తమ్ముడైన భరతుడు వేరు. నాట్యశాస్త్రం రచించిన భరతముని వేరు. ఆ ముని పేరు మీద నాట్యశాస్త్రాన్ని ‘భరతం’ అంటారు. ఇక్కడ దీర్ఘం లేదు. ‘వాడి భరతం పడతాను’ అనే పలుకుబడిలోనూ దీర్ఘం లేదు. తగిన బుద్ధి చెబుతానని దాని భావం. ఒక్క దీర్ఘం చేరితే అర్థమే మారిపోతుంది.

భారతాన్ని 11వ శతాబ్దంలో నన్నయ తెనిగించడం ప్రారంభించగా తిక్కన, ఎఱ్ఱన పూర్తి చేశారు. 18 పర్వాల ఆ గ్రంథం తెలుగువారి నోళ్ళలో నానింది. ‘తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి’ అన్నారు. ఎంతకూ తెగని కథను ‘చాటభారతం’ అన్నారు. చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర ‘భారతం జరుగుతున్నది’ అంటే అది ఉత్సవం. అక్కడ భారతాన్ని హరికథగా చెబుతారు, వీధినాటకంగా ఆడతారు. తమిళనాడులోనూ ఇటువంటి ఉత్సవాలున్నాయి. పొరుగు భాషలకూ తమ తమ భారతాలున్నాయి. కన్నడంలో పంపభారతం, తమిళంలో విల్లిభారతం, ఒడియాలో సారళాదాసు మహాభారతం ప్రసిద్ధాలు.

కనుక ‘భారతం’ అనే మాట కనిపించినప్పుడు వాక్యమంతా చదివి అర్థం నిర్ణయించుకోవాలి. నిఘంటువులోని మొదటి అర్థంతో తృప్తిపడరాదు. మీ ఇంటి పెద్దలూ, పొరుగు భాష మాట్లాడే మీ మిత్రులూ ఈ మాటను ఏయే సందర్భాలలో వాడుతున్నారో విని రాసుకోండి. ఇక్కడ చెప్పని అర్థం మరొకటి మీకు దొరకవచ్చు.