తేట నీటిలో గుల్లకు పస్తే

మిల్లీలీటరు నీటిలో 80 వేల నుంచి లక్ష ఆల్గే కణాలు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ, కోనపాపపేట తీరంలో ఉన్నటువంటి వనామీ రొయ్యల హేచరీల్లో జోయా దశ పిల్లలకు ఉంచే మేత సుమారుగా ఇంత. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి గుల్లలు, గొట్టపు పురుగులు పెంచేవారికీ ఈ లెక్క పనికొస్తుంది. జోయా కూడా వాటిలాగే నీటిని వడగట్టుకుని తినే జీవి మరి. (పగడాల జోలికి మాత్రం పోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి, సముద్రంలోంచి తీసి తేవడం నేరం.)

గుడ్డులోంచి వచ్చిన నాప్లీకి మేత అక్కర్లేదు. ఒంట్లోని సొనతోనే దాదాపు రెండు రోజులు గడిపేస్తుంది. ఆ తర్వాతి దశలో మిల్లీమీటరు పొడవుండే జోయాకు మాత్రం నాలుగైదు రోజులపాటు నీటిలో మేత ఎప్పుడూ ఉండాల్సిందే. టెక్నీషియన్ గాజు బీకరులో పిల్లల్ని ముంచి తీసి, లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తాడు. తోక వెనక మలం సన్నని దారంలా వేలాడుతుంటే బాగా తింటున్నట్టు. దారం లేకపోతే తిండి ఆగినట్టు.

నోటికి తగ్గ మేత

మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మేతల సైజులు ఇలా ఉంటాయి:

• నానోక్లోరాప్సిస్: 2–4 మైక్రాన్లు
• ఐసోక్రైసిస్: 4–6
• టెట్రాసెల్మిస్: 10–14
• రోటిఫర్: 100–300
• అప్పుడే పొదిగిన ఆర్టీమియా: 400–500

చాలా గుల్లలు 4 మైక్రాన్లు దాటిన కణాన్ని దాదాపుగా వదలవు. అంతకంటే చిన్నవి కొంతవరకు మొప్పల సందుల్లోంచి జారిపోతాయి. అందుకే నానోక్లోరాప్సిస్ ఒక్కటే కాకుండా ఐసోక్రైసిస్ కూడా కలిపితే మేలు. ఆర్టీమియా గుల్లలకు పనికిరాదు. చేపల గుళికలు పొడిచేసి చల్లితే చాలావరకు అడుక్కి చేరి కుళ్లి, అమ్మోనియా అవుతుంది.

60 లీటర్ల తొట్టి లెక్క

హేచరీలో లీటరుకు వందకు పైగా పిల్లలు కిక్కిరిసి ఉంటాయి. ఇంట్లో అంత మేత అక్కర్లేదు. మిల్లీలీటరుకు 10 వేల కణాలతో మొదలుపెడదాం. 60 లీటర్లకు 60 కోట్ల కణాలు కావాలి. చిక్కగా ఎదిగిన ఆల్గే కల్చర్‌లో మిల్లీలీటరుకు 2 కోట్లుంటే, 30 మిల్లీలీటర్లు సరిపోతుంది.

తొట్టిలోని గుల్లలన్నీ కలిసి గంటకు 10 లీటర్లు వడగడతాయనుకుంటే, నాలుగు గంటలకు సగం మేత ఖాళీ, ఎనిమిది గంటలకు ముప్పావు వంతు ఖాళీ. పొద్దున ఒకేసారి 30 పోస్తే రాత్రికి మిగిలేది నామమాత్రం. అదే 10 చొప్పున మూడు పూటలా పోస్తే ఖర్చు పెరగదు, పస్తు తగ్గుతుంది. కాకినాడ అఖాతంలోని గుల్లలకు రోజుకు రెండుసార్లు పోటు నీరే ఈ పని చేసిపెడుతుంది.

మేత పోశాక గంటసేపు స్కిమ్మర్, ఫిల్టర్ ఆపాలి. నీటిని కదిలించే పంపు మాత్రం ఆపకూడదు, ఆగితే కణాలు అడుక్కి దిగిపోతాయి.

ఎక్కువ పోసినా నష్టమే. మోతాదు మించితే గుల్ల మింగకుండా జిగురు చుట్టి బయటికి నెట్టేస్తుంది. గుల్ల చుట్టూ అలాంటి ముద్దలు కనబడినా, వారం వారం నైట్రేట్ పెరుగుతున్నా మోతాదు సగానికి తగ్గించండి. పూటలు మాత్రం తగ్గించకండి.