గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఏ డ్రైవ్ ఉండాలి?

కిందటి ఆదివారం కార్యక్రమం అయిపోగానే ఇర్వింగ్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెడుతున్నాడు, గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టాడట. చూసిన రెండింట్లో ఒకదానిలో 512 గిగాబైట్లు, రెండోదానిలో ఒక టెరాబైటు. తేడా రెండు వందల డాలర్లు. "వాడు చదువుతాడా, ఆడతాడా అన్నది మేం ఇంట్లో తేల్చుకుంటాం గానీ, ఆ రెండు వందలు పెట్టాలో వద్దో మీరు చెప్పండి" అన్నారావిడ.

ముందు మనకు అలవాటైన హార్డ్ డిస్కు సంగతి చూద్దాం. లోపల గ్రామఫోను రికార్డులాంటి పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటుంది. దాని మీద, తాకీ తాకనట్టు, ఒక చెయ్యి అటూ ఇటూ వెతుక్కుంటుంది. సినిమా లాగా వరసగా ఉన్నది చదవమంటే బాగానే చదువుతుంది. ఆటలో అలా కాదు. చెట్టు ఒకచోట, గోడ ఒకచోట, శబ్దం ఇంకొకచోట ఉంటాయి. వెతుకులాటకే సమయమంతా పోతుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే, అందుకని వెతుకులాట లేదు. స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటి 2023 నాటి ఆటలు ఎస్.ఎస్.డి. ఉండాలనే అడుగుతున్నాయి. కాబట్టి ఆ విషయంలో బేరం లేదు.

ఎస్.ఎస్.డి.లలో మళ్ళీ రకాలున్నాయి. పాత సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. రకంలో మూడో తరానిది 3500, నాలుగో తరానిది 7000 దాకా వెడుతుంది. పిల్లలు ఈ అంకెలు చూపించే మనల్ని ఒప్పిస్తారు! నిజానికి హార్డ్ డిస్కు నుంచి సాటాకు మారితే నిమిషం పైన పట్టే ఆట చాలాసార్లు అరనిమిషం లోపే తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి పైకి వెళ్ళినకొద్దీ మిగిలేవి కొద్ది సెకన్లే. ఆట మొదలయ్యాక బొమ్మ ఎంత సాఫీగా కదులుతుందన్నది ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ల పని. నన్నడిగితే నాలుగో తరం, అయిదో తరం అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

తల బద్దలు కొట్టుకోవలసింది చోటు గురించి. 512 అని రాసి ఉన్నది విండోస్‌లో సుమారు 476గా కనిపిస్తుంది. స్టార్‌ఫీల్డ్‌కు 125, బాల్డర్స్ గేట్‌కు 150 కావాలి. ఆ రెండూ, విండోసూ పెట్టేసరికి సగం పైగా అయిపోయింది. పైగా ఎస్.ఎస్.డి.ని అంచుదాకా నింపితే రాసే వేగం తగ్గుతుంది, ఐదో వంతైనా ఖాళీగా ఉంచాలి.

అందుకని ఆవిడను ఒక్కటే అడిగాను: ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాటు ఉందా? చూయింగ్ గమ్ రేకంత, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న డ్రైవ్ పట్టే చోటది. ఉంటే 512 కొని, నిండినప్పుడు ఇంకొకటి పెట్టుకోవచ్చు. సాటా, ఎన్.వి.ఎం.ఇ. రెండూ ఆ ఆకారంలోనే దొరుకుతాయి, ఏది పని చేస్తుందో మాన్యువల్‌లో చూసి మరీ కొనండి. మెమరీ ధరలు బంగారం ధరలా ఎక్కి దిగుతుంటాయి, ఆ వారం ధర చూసుకోండి. స్లాటు లేకపోతే మాత్రం టెరాబైటుదే తీసుకోండి.

ఇంకో మాట. మా పెద్దవాడి ల్యాప్‌టాప్ 2016లో ఆన్‌లో ఉండగానే సోఫా మీంచి పడింది. లోపల హార్డ్ డిస్కు. ఆటలు మళ్ళీ దింపుకున్నాడు. మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు తీసిన వీడియోలు కూడా అందులోనే ఉన్నాయి, అవి తిరిగి రాలేదు. ఎస్.ఎస్.డి. అయితే ఆ దెబ్బకు తట్టుకునేదేమో. కానీ హార్డ్ డిస్కు పోయేముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేస్తుంది, ఎస్.ఎస్.డి. చడీచప్పుడు లేకుండా పోగలదు. అందులో చెరిపేసినది తిరిగి రాబట్టడం కూడా కష్టం. ఫోటోలకు ఇప్పటికీ బయట తగిలించే హార్డ్ డిస్కే చవక.

మిగిలిన డబ్బుతో అదొకటి కొనమన్నాను ఆవిడను. దాన్ని మాత్రం అబ్బాయితో కాలేజీకి పంపకండి, ఇంట్లోనే ఉంచుకోండి అని కూడా చెప్పాను.