ఇహ్‌సాన్: మేలు చేయడమా, మేలుగా చేయడమా?

శుక్రవారం రెండవ ఖుత్బా ముగింపులో ఖతీబులు సాధారణంగా నహ్ల్ సూరాలోని ఒక ఆయతు (16:90) పఠిస్తారు. న్యాయాన్ని, ఇహ్‌సాన్‌ను, బంధువులకు ఇవ్వడాన్ని అల్లాహ్ ఆజ్ఞాపిస్తున్నాడని దాని భావం. వారం వారం వినే మాట గనుక అర్థం తెలిసినట్లే ఉంటుంది. కాని చెవికి అలవాటైన మాటలే అర్థంలో కుంచించుకుపోతుంటాయి.

ఇంట ఉర్దూ మాట్లాడేవారికి ‘ఎహసాన్’ అంటే ఉపకారం. దానితోపాటు నెత్తిన పడే ఋణభారం కూడా. ‘ఎహసాన్ జతానా’ అంటే చేసిన ఉపకారాన్ని ఎత్తి చూపడం. ‘ఎహసాన్ ఫరామోష్’ అంటే కృతఘ్నుడు. అరబ్బీ మూలంలో ఈ బరువు లేదు. ‘హుస్న్’ అంటే అందం, మంచితనం. ఆ ధాతువు నుండి వచ్చిన ఇహ్‌సాన్‌కు ఒక పనిని చక్కగా చేయడమనీ, ఎదుటివారి పట్ల మంచిగా మెలగడమనీ రెండర్థాలు. మేలును ఎత్తిపొడవడానికి అరబ్బీలో వేరే మాట ఉంది: ‘మన్న్’. ఎత్తిపొడుపు, మనసు నొప్పించడం చేసిన దానాన్నే వ్యర్థపరుస్తాయని బఖరా సూరా (2:264) హెచ్చరిస్తున్నది. ఖుర్ఆన్ వద్దన్న పనియే ఉర్దూ పలుకుబడిలో ఎహసాన్ పక్కన వచ్చి కూర్చున్నదన్నమాట! తెలుగులో ‘ఉపకారం’ కూడా సగం అర్థమే ఇస్తుంది. ‘మేలు’ అనే పాత మాటే నయం. మేలు చేయడం, మేలుగా చేయడం రెండూ అందులో ఇముడుతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అంతవరకు నలుగురికి పెట్టిన చేతులు ఆనాడు చాచవలసి వచ్చాయి. అటువంటి చేతిలో బియ్యం సంచి పెట్టేటప్పుడు పెట్టే తీరు కూడా దానంలో భాగమే.

హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడని చెప్పి, దైవప్రవక్త (సల్లం) ఇచ్చిన ఉదాహరణ జబహ్. కత్తికి పదును పెట్టుకోవాలి, పశువుకు బాధ తగ్గించాలి. ఇక్కడ పశువుకు ఉపకారమేమీ లేదు. దాని ప్రాణమే పోతున్నది. అయినా ఇహ్‌సాన్ ఉంది. ఎదుటి ప్రాణికి ఏది నొప్పో ముందుగా ఎరిగి పని చేయడమే అక్కడ దాని అర్థం.

ఈ అర్థం ఉద్దానంలో ప్రతి గడపకూ అక్కరకు వస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. దాని మూలకారణం ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ సీమలో ఇంటికి వచ్చినవారికి కొబ్బరిబొండాం కొట్టి ఇవ్వడం మర్యాద. కాని బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు చెడినవారి శరీరం దానిని బయటకు పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు రావచ్చు. డయాలిసిస్ మీద ఉన్నవారిలో చాలామందికి రోజుకు ఇన్ని నీళ్ళేనని వైద్యుడు కొలత పెడతాడు. “మా ఇంట ఒక గ్లాసు టీ అయినా తాగకపోతే ఎలా?” అని బలవంతపెట్టేవాడు ప్రేమతోనే అంటాడు. ఉపకారం ఉంది, ఇహ్‌సాన్ లేదు.

నిసా సూరా (4:36) ఇహ్‌సాన్‌కు అర్హులను పేర్కొంటూ దగ్గరి పొరుగువానితోపాటు ‘జారుల్ జునుబ్’ను, అంటే దూరపు పొరుగువానిని చేర్చింది. బంధుత్వం లేని పొరుగువాడని కొందరు వ్యాఖ్యాతలు, అన్యమతస్థుడని మరికొందరు వివరించారు. ముస్లింలు కొద్దిమందే ఉన్న ఈ తీరంలో పొరుగువారిలో ఎక్కువమంది వారే.

రమజానులో ఈ విషయం మన దస్తర్‌ఖాన్ మీదికే వస్తుంది. ఖర్జూరంలోనూ పొటాషియం హెచ్చే. రోగికి ఉపవాసం నుండి ఖుర్ఆనే (2:184) మినహాయింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్‌యా మార్గం ఉంది. ఆ మినహాయింపు పొందినవాడిని “రోజా ఉన్నావా?” అని పదిమందిలో అడగడం, ఇఫ్తారుకు పిలిచి పండ్ల పళ్ళెం ముందుకు తోయడం మంచి మనసుతో జరిగే పనులే. పిలిచే ముందు ఏమి తినవచ్చునో ఆ ఇంటి ఆడవారిని ఒక మాట అడిగితే చాలు, ఆయనకు ఆ వరుసలోనే, అందరితోపాటు, వేరే గిన్నె అన్న సంగతి తెలియకుండా వడ్డించవచ్చు.