చట్టంలో ఉన్న చికిత్స పెంచే ఇంటికీ రావాలి

నూజివీడు: చిక్కంలో పడక నేలకు జారిన మామిడికాయ పైకి బాగానే ఉంటుంది. రెండు రోజులకు లోపల కమిలిపోతుంది. కన్నవారిని పోగొట్టుకున్న పిల్లలు, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు కూడా అంతే. పెంచుకునే ఇంటికి వచ్చిన కొత్తలో నోరెత్తరు. తర్వాత రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు, అన్నం పళ్లెం విసిరేస్తారు, బడిలో కుదురుగా కూర్చోరు. మొండితనమని అందరూ కసురుతారు.

ఇటువంటి పిల్లలకు మేలు చేసే చికిత్సను ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. ఇది చేతివృత్తి నేర్పడం కాదు. స్నానం, భోజనం, నిద్ర, ఆట, చదువు ఇవే పిల్లల పనులు. బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో థెరపిస్టు గమనించి, ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా చేసి తిరిగి అలవాటు చేయిస్తారు. చప్పుడుకు బెదిరే పిల్లకు తరగతిలో చోటు మార్పించడం, రోజూ ఒకే వరుసలో పనులు చేయించి నిద్రపుచ్చడం, ఊయల, మట్టి ఆటలతో నెమ్మదింపజేయడం ఇందులో భాగాలు.

చట్టం ఏమంటోంది?

2015 నాటి బాలల న్యాయ చట్టం 53వ సెక్షన్, సంరక్షణ గృహాల్లోని పిల్లలకు అందించే సేవల జాబితాలో ఈ థెరపీని పేరు పెట్టి చెప్పింది. దత్తత కాకుండా కొంతకాలం పెంచడానికి అప్పగించడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఆ బిడ్డ చదువు, ఆరోగ్యం, తిండి పెంచే కుటుంబం బాధ్యతేనని 44వ సెక్షన్ అంటోంది. మిషన్ వాత్సల్య కింద నెలకు ఇచ్చేది రూ.4,000. తిండికి, బట్టకు పోగా ఏం మిగులుతుంది? ఇది ఒక సూదిమందుతో తీరేది కాదు, వారం వారం సాగాలి. పట్నానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది.

మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతున్నట్లే, నెలకు రెండుసార్లయినా ఆక్యుపేషనల్ థెరపిస్టును రప్పించాలి. మిగతా రోజుల్లో చేయించవలసినవి పెంచే తల్లికి, మాస్టారికి నేర్పాలి.

తోటలో కూలికి పెడితే బాగుపడతాడనుకోవడం పొరపాటు. అది చికిత్స కాదు. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరం కూడా.

బిడ్డను పెంచుతున్నవారు తమ ఇబ్బందిని జిల్లా బాలల సంక్షేమ కమిటీకి కాగితం మీద రాసివ్వాలి. బిడ్డ సంరక్షణ ప్రణాళికలో థెరపీ అవసరాన్ని చేర్చమని కోరాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక సలహాకు టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇల్లు దొరికిన బిడ్డకు ఆ ఇంట్లో కుదురుకునే దారి కూడా దొరకాలి.